పాత సీపీయూ డబ్బాకు కొత్త ఫ్యాను – మూడో భాగం: బెజ్జం దేనితో కోయాలి?

పోయిన భాగంలో డబ్బా పక్క రేకుకు మాస్కింగ్ టేపు అంటించి, 120 మి.మీ. ఫ్యానుకు నడిమధ్య గుర్తు పెట్టుకున్నాం. నాలుగు స్క్రూ బెజ్జాల్లో పక్కపక్కవి ఒకదానికొకటి 105 మి.మీ. దూరం, గాలి పోయే వృత్తం అడ్డకొలత 114 మి.మీ. ఈ రెండు అంకెలూ టేపు మీదే రాసిపెట్టుకోండి. ఈ రోజు కోత మొదలుపెట్టం. దేనితో కోయాలో తేల్చుకుంటాం.

పాత డబ్బాలకు చాలావాటికి వెనక 80 మి.మీ. ఫ్యాను చోటే ఉంటుంది. దాని బెజ్జం దాదాపు 76 మి.మీ., అంటే 45 చదరపు సెంటీమీటర్లు. 114 మి.మీ. బెజ్జమైతే 102. గాలికి దారి రెండింతలు దాటుతుంది. కడపలో ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్యాను గదిలో ఉన్న గాలినే తోస్తుంది, అంతకన్నా చల్లబరచలేదు. అందుకే మన ఊళ్ళలో గాలి ఎంత ధారాళంగా కదిలితే అంత మేలు.

పనిముట్టు కంటే ముందు రేకు మందం చూడాలి. మామూలు ఇనుప డబ్బాలు 0.5 నుంచి 0.8 మి.మీ. దాకా ఉంటాయి, అల్యూమినియం డబ్బాలు 1 నుంచి 2. మందం కొలిచే వెర్నియర్ లేకపోతే ఏ4 కాగితాలు తీసుకోండి. మామూలు జిరాక్స్ కాగితం ఒక్కొక్కటి 0.1 మి.మీ. చిల్లర. రేకు అంచు పక్కన కాగితాల దొంతి పెట్టి ఒక్కోటీ పెంచుతూ పోండి. ఏడు కాగితాలకు సమానమైతే రేకు 0.7 అన్నమాట.

ఈ మందమే అన్నీ నిర్ణయిస్తుంది. రంపం సాఫీగా నడవాలంటే కనీసం రెండు పళ్ళు ఒకేసారి రేకు మందం మీద ఆనాలి. అంగుళానికి 24 పళ్ళున్న బ్లేడులో పన్నుకూ పన్నుకూ మధ్య 1.06 మి.మీ. ఉంటుంది. 0.7 రేకు ఆ సందులో ఇరుక్కుంటుంది. బ్లేడు దాన్ని కోయదు, పట్టుకుని గుంజుతుంది. రేకు వంగిపోయేది అక్కడే. 32 పళ్ళ బ్లేడులో సందు 0.8 మి.మీ. అదీ చాలదు గానీ, రేకు కింద ప్లైవుడ్ ముక్క బిగిస్తే పళ్ళకు ఎప్పుడూ ఏదో ఒకటి ఆనుకుని ఉంటుంది. పళ్ళున్న ఏ పనిముట్టు తీసుకున్నా, ఈ చెక్క ఊత మాత్రం మానకండి.

ఇప్పుడు గ్రైండర్ సంగతి, అంటే తిరిగే బిళ్ళతో కోసే యాంగిల్ గ్రైండర్. మొన్న పక్కింటి పిల్లోడు వాళ్ళ నాయన గ్రైండర్ పట్టుకొచ్చి, "అన్నా, దీంతో నిమిషంలో కోసేద్దాం" అన్నాడు. ఎర్రగుంట్ల దగ్గర తవ్వే నాపబండలను కోసే పనిలో ఉన్నాడు ఆయన. బండలు కోసే వజ్రపు బిళ్ళతో రేకు కోయకూడదు, అది రాతికి చేసింది. "సరే, ఇనుము కోసే బిళ్ళ వేసుకుందాం" అన్నాడు. లెక్క వేసి చూపించాను. 107 మి.మీ. బిళ్ళను రేకులోకి 2 మి.మీ. దించితే చాలు, 29 మి.మీ. తిన్నని గీత పడిపోతుంది. 114 మి.మీ. వృత్తం మీద 29 మి.మీ. తిన్నని గీతంటే మనకొచ్చేది గుండ్రం కాదు, పన్నెండు మూలల బిళ్ళ. పైగా నిప్పురవ్వలకు పక్కన రంగు మాడుతుంది. బిళ్ళ ఇరుక్కుంటే వెనక్కి తన్నుతుంది. గ్రైండర్ చతురస్రపు కిటికీలకు మంచిదే, ఫ్యాను వృత్తానికి మాత్రం వద్దు.

నా మొదటి ఎంపిక హోల్ సా, అంటే డ్రిల్లుకు బిగించి గుండ్రంగా కోసే, అంచున పళ్ళున్న గిన్నెలాంటి కట్టర్. అంచు ఒక్కతీరుగా వస్తుంది, కొలత తప్పదు. కానీ కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. పీవోపీ సీలింగులో లైట్ల కోసం వాడే పల్చటి కట్టర్లు చూడ్డానికి ఇలాగే ఉంటాయి, ఇనుముకు పనికిరావు. "బై-మెటల్" అని రాసి ఉన్నది అడగండి. రెండోది, పెద్ద కట్టర్లను డ్రిల్లుకు బిగించే ఆర్బర్ కాడ కొన్నింటికి 11 మి.మీ. ఉంటుంది, డ్రిల్లు మూతి దగ్గరుండే 10 మి.మీ. చక్‌లో పట్టదు. డ్రిల్లు వెంట తీసుకుపోయి అక్కడే బిగించి చూసుకోవడం మేలు.

అసలు కష్టం వేగంతో. 114 మి.మీ. కట్టర్ ఇనుము మీద నిమిషానికి 80, 90 చుట్లు తిరగాలి. మన ఇళ్ళలో ఉండే కరెంటు డ్రిల్లు 2,500 పైన తిరుగుతుంది. నేను మొదటిసారి ట్రిగ్గర్ పూర్తిగా నొక్కేశాను. వేడికి కట్టర్ పళ్ళు నీలి రంగుకు తిరిగాయి. రేకు తెగే చివరి క్షణంలో కట్టర్ పట్టేసి డ్రిల్లు నా మణికట్టును మెలితిప్పింది, వారం రోజులు చెంబు ఎత్తలేకపోయాను. అందుకే బ్యాటరీ డ్రిల్లునే వాడమంటాను. ఒకటో గేరులో అది 400, 450 చుట్లు దాటదు, ట్రిగ్గర్ సగం కన్నా తక్కువ నొక్కితే ఇంకా నెమ్మదిస్తుంది. రేకుకు పైనా కిందా చెక్క పెట్టి సి-క్లాంపులు బిగించండి. చేతికి గ్లౌజులు వేసుకోకండి. తిరిగే కట్టర్ గుడ్డను లాక్కుంటే వేళ్ళూ దాని వెంటే పోతాయి. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి.

ఒక్క బెజ్జం కోసం హోల్ సా కొనడం దండగ అనిపిస్తే జిగ్ సా వాడొచ్చు, అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం. ఇంటీరియర్ పని చేసే వడ్రంగుల దగ్గర ఉంటుంది. మిషను వాళ్ళది అడిగి తీసుకోండి, బ్లేడు మాత్రం మీరే కొనండి, ఎందుకంటే వాళ్ళ దగ్గర ఉండేవి చెక్క బ్లేడులు. పల్చటి రేకు కోసే సన్నపళ్ళ బ్లేడు కావాలి. ముందు వృత్తం గీతకు లోపలి పక్కన బ్లేడు దూరేంత బెజ్జం, 10 మి.మీ. చాలు, డ్రిల్లుతో వేసి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. గీత మీద కాకుండా ఒక మి.మీ. లోపల కోసి, మిగిలింది అర్ధచంద్రపు ఆకురాయితో రుద్దుకుంటే గుండ్రం చక్కగా కుదురుతుంది.

నిబ్లర్ అనేది రేకును కొరికి కొరికి తినే చిన్న పనిముట్టు. చేతిదీ ఉంది, డ్రిల్లుకు తగిలించేదీ ఉంది. రేకును వంచదు, ఓపిక ఉన్నవాళ్ళకు హాయి. రాలే తునకలు మాత్రం సన్నగా, పదునుగా ఉంటాయి. ఒక్కటి మదర్‌బోర్డు మీద మిగిలినా షార్ట్ అవుతుంది. లోపలి సామానంతా విప్పి పక్కకు పెట్టాకే పని. రేకు కత్తెరతోనూ కోయొచ్చు, కానీ అంచు అలలు పోతుంది, దాన్ని సుత్తితో సరిచేయడం ఇంకో పని.

అల్యూమినియం డబ్బా అయితే పళ్ళ సందుల్లో మెత్తటి పొడి పేరుకుంటుంది. అరనిమిషానికోసారి ఆపి బ్రష్‌తో దులపండి, ఒక చుక్క కిరోసిన్ వేస్తే పొడి పళ్ళకు అతుక్కోదు.

వచ్చే భాగంలో కోత. మీరు ఎంచుకున్న పనిముట్టు, అడుగు చదరం ప్లైవుడ్ ముక్కలు రెండు, క్లాంపులు నాలుగు, అర్ధచంద్రపు ఆకురాయి దగ్గర పెట్టుకోండి. పాత ఇనుము అంగడిలో పాడైన సీపీయూ డబ్బా పక్క రేకు ఒకటి దొరికితే తెచ్చుకోండి, మొదటి బెజ్జం దాని మీద వేద్దాం.