ఇంటి నుంచి పని మీకు కుదురుతుందో లేదో ముందే తేల్చుకోవడం ఎలా?

2020 మార్చిలో లాక్‌డౌన్ రావడంతో హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల నుంచి నెల్లూరు, కావలి, ఒంగోలులోని ఇళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులలో కొందరు ఇక్కడే కుదురుకున్నారు. మరికొందరు కార్యాలయాలు తెరవగానే వెళ్లిపోయారు. వెళ్లినవారికి క్రమశిక్షణ లేదనడం అన్యాయం. ఇల్లు, పని స్వభావం, అనుభవం కలిసిరాకపోతే ఎంత పట్టుదల ఉన్నా ఈ పద్ధతి సాగదు. అందుకే నగరంలో గది ఖాళీ చేయకముందే పరీక్షించుకోండి.

మొదట మీ అనుభవాన్ని చూసుకోండి. కొత్తగా చేరినవారు శిక్షణ తరగతులలో కన్నా పక్కన కూర్చున్న సీనియర్లను చూసి, అడిగి నేర్చుకునేదే ఎక్కువ. ఇంటి దగ్గర ప్రతి చిన్న సందేహానికీ మెసేజ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడాలి. అది రెండుమూడుసార్లు ఆలస్యమైతే మళ్లీ అడగడానికి మొహమాటపడి, తోచినట్టు చేసి పంపేస్తారు. తొలి రెండేళ్లు కార్యాలయానికి వెళ్లడమే మేలని నా గట్టి అభిప్రాయం.

తరువాత, అనుమతి తీసుకుని, పండుగలు లేని రెండు వారాలు ఇంటి నుంచి పనిచేసి చూడండి. తలుపు వేసుకునే గది తప్పనిసరి. ఇంట్లోనే ఉన్నారు కదా అని గ్యాస్ బండ వచ్చినా, చుట్టాలు వచ్చినా మిమ్మల్నే పిలుస్తారు. కోడళ్లకైతే ఆఫీసు పనితోపాటు వంటపనీ మీద పడుతుంది. ఏ వేళల్లో పిలవకూడదో, వంట ఎవరు చూసుకోవాలో ముందే అత్తమామలతో, భర్తతో మాట్లాడుకోవాలి. అమెరికావాళ్లతో కలిసి పనిచేసేవారైతే వేళలూ చూసుకోవాలి. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అంటే ఇల్లంతా భోజనాలకు కూర్చునే వేళకు మీ మీటింగులు సాగుతుంటాయి. రాత్రి పొద్దుపోయేదాకా పనిచేస్తే పగటి నిద్రకు ఇల్లు సహకరిస్తుందా అన్నదీ ఆ రెండు వారాల్లోనే తెలిసిపోతుంది.

ఇన్వర్టరుకు ఫ్యానుతోపాటు రౌటరునూ కలపండి. 2023 డిసెంబరులో వచ్చిన మిచాంగ్ లాంటి తుపానుకు కేబుల్ తెగితే అదీ చాలదు కనుక, వేరే కంపెనీ సిమ్ ఒకటి దగ్గర ఉంచుకోండి.

ఇవన్నీ చూశాక కుదరదనిపిస్తే, మొహమాటపడకుండా వారంలో కొన్ని రోజులైనా కార్యాలయానికి వస్తానని మేనేజరును అడగండి. నెల్లూరు నుంచి చెన్నై రైలులో సుమారు మూడు గంటలే కాబట్టి అక్కడివారికి ఇది వీలవుతుంది. ఒంగోలులో ఉండి హైదరాబాదులో పనిచేసేవారు మాత్రం అక్కడే గది ఉంచుకోవడం మంచిది.