రేడియో అనౌన్సర్ కావాలంటే ఏం చేయాలి? కడప, అనంతపురం, కర్నూలు వాళ్ల కోసం

గొంతు బాగుందని నలుగురూ అంటే చాలు, చాలామంది నేరుగా ఆడిషన్‌కు వెళ్లిపోతారు. అక్కడ గొంతు కంటే ముందు చూసేది తెలుగు తప్పుల్లేకుండా చదువుతున్నారా లేదా అని. అది ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

రోజూ దినపత్రికలో ఒక పేజీ పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వినేటప్పుడు మూడు చోట్ల చెవి పెట్టండి: శ, ష, స తేడా తెలుస్తోందా, భారతం కాస్తా బారతం అవుతోందా, వాక్యం చివరి మాట మింగేస్తున్నారా. మన యాసకు సిగ్గుపడక్కర్లేదు. రైతుల కార్యక్రమంలో ‘యాడికి’, ‘చేస్తాండాం’ అంటే వినేవాళ్లకు ఇంకా దగ్గరవుతారు. వార్తల్లో మాత్రం కుదరదు.

అంకెల దగ్గర అందరికీ టెన్షనే. ఉదాహరణకు కాగితం మీద ఇలా ఉందనుకోండి: ‘శ్రీశైలం జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు కాగా, ప్రస్తుతం 872.40 అడుగులుగా ఉంది.’ చదవబోయే ముందే అంకె పైన పెన్సిల్‌తో ‘ఎనిమిది వందల డెబ్బై రెండు పాయింట్ నాలుగు’ అని రాసుకోండి. ‘కాగా’ తర్వాత ఒక గీత పెట్టండి, ఊపిరి అక్కడే తీసుకోవాలి. పోరుమామిళ్ల, జమ్మలమడుగు లాంటి ఊరి పేర్లు ముందే రెండుసార్లు పలికి చూసుకోండి. సొంతూరి పేరు తప్పు చదివితే శ్రోతలు అస్సలు ఊరుకోరు!

మైకుకు జానెడు దూరంలో కూర్చోండి. ‘ప’, ‘ఫ’, ‘భ’ పలికినప్పుడు గాలి తగిలి ఢబ్‌మంటుంది, అందుకే మైకును కాస్త పక్కకు ఉంచుకోండి. కాగితాలకు పిన్ను కొట్టొద్దు. చదివిన కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కకు జరపాలి. ఎక్కడైనా తడబడితే ‘క్షమించాలి’ అని ఆ మాట సరిగ్గా చదివి సాగిపోవడమే.

ఇక దరఖాస్తు. కడప ఆకాశవాణి 1963 నుంచి ఉంది. అనంతపురం, కర్నూలులో ఎఫ్‌ఎం కేంద్రాలున్నాయి. అవసరమైనప్పుడు క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటన ఇస్తారు, కాబట్టి రేడియో వింటూ, ఆకాశవాణిని నడిపే ప్రసారభారతి వెబ్‌సైట్ చూస్తూ ఉండాలి. రాతపరీక్ష, ఆడిషన్ అయ్యాక ‘వాణి’ అనే శిక్షణ ఉంటుంది. న్యూస్ రీడర్ కావాలనుకుంటే విజయవాడ వైపు చూడాలి, ప్రాంతీయ వార్తలు అక్కడి నుంచే వస్తాయి. ఆ పనికి ఇంగ్లీషులో వచ్చిన వార్తను అప్పటికప్పుడు తెలుగులోకి మార్చడం కూడా రావాలి.

డ్యూటీలో మాట్లాడేది తక్కువ, గడియారం చూసేది ఎక్కువ. పాట ఇరవై సెకన్ల ముందే అయిపోతే ఆ ఖాళీ నింపాల్సింది మీరే.

చివరిగా డబ్బు సంగతి. క్యాజువల్ అంటే పర్మనెంటు కాదు. డ్యూటీకి ఇంతని ఇస్తారు, మామూలుగా నెలకు ఆరు డ్యూటీలకు మించి రావు. చేస్తున్న ఉద్యోగం మానేయకండి. ఇదే గొంతుతో లోకల్ కేబుల్ వార్తలు, ప్రకటనల వాయిస్, సభల్లో వ్యాఖ్యానం కూడా చేసుకోవచ్చు.