పల్లె ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఎలా ఇవ్వాలి? ముందు ప్రొజెక్టర్ ఆపండి

పల్లెల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు ట్రైనింగ్ అంటే చాలాచోట్ల ఒకటే తంతు. ఒక హాలు, ఒక ప్రొజెక్టర్, పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్లయిడ్లు, చివర్లో సంతకాల షీటు, గ్రూప్ ఫొటో. మర్నాడు ఇంటింటికీ తిరిగేటప్పుడు చూస్తే వాళ్లకు కొత్తగా చేతనైన పని ఒక్కటీ ఉండదు. ఇలాంటివి చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. ఉదాహరణకి పిల్లల్లో న్యుమోనియాను గుర్తుపట్టడం తీసుకుంటా, ఎందుకంటే అందరూ సులువనుకునేదీ అదే, అందరూ పాడుచేసేదీ అదే. బీపీ చూడటం నేర్పినా, పోషణ లోపం తెలుసుకోవడానికి జబ్బ చుట్టుకొలత తీయడం నేర్పినా పద్ధతి మాత్రం ఇదే.

1. ఒక రోజు, ఒక పని

అజెండాలో గర్భిణుల సంరక్షణ, టీకాలు, మలేరియా, చేతులు కడుక్కోవడం అన్నీ కలిపి పెట్టేశారంటే ఆ రోజు ఎవరూ ఏదీ నేర్చుకోరు. ఒక్క పని ఎంచుకోండి. అదేమిటో పైవాళ్లను అడగొద్దు, కార్యకర్తల రిజిస్టర్లు తిరగేయండి. దగ్గు, జ్వరం అని రాసి ఆ పక్క శ్వాస సంఖ్య (బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది, వేగంగా ఉంటే న్యుమోనియా అనుమానం) గడి ఖాళీగా ఉందా, లేక ప్రతి బిడ్డకీ ఒకటే అంకె ఉందా? ఎక్కడ నేర్పాలో అక్కడే తెలిసిపోతుంది.

పన్నెండు మందికి మించి తీసుకోవద్దు. ఇరవై మందిని పంపిస్తామంటే రెండో రోజు కూడా పెట్టమనండి. ఆరుగురికి ఒక ట్రైనర్ ఉండాలి, ట్రైనర్లు అంతకు తగ్గితే అది శిక్షణ కాదు, సభ.

2. సామాన్లు

సెకన్లు చూపించే గడియారమో మొబైల్లో టైమరో, శ్వాస తీస్తున్న పిల్లల వీడియోలు నాలుగైదు, వయసు వారీగా అంకెలున్న ఒక కార్డు, ప్రతి ఒక్కరికీ కాగితం, పెన్ను. అంతే. రంగురంగుల ఫోల్డర్లు, సంచులు లేకపోయినా శిక్షణ ఆగదు.

3. చూపించడం

మొదటిసారి ఏమీ మాట్లాడకుండా, మామూలు వేగంతో చేసి చూపించండి. రెండోసారి ఆగి ఆగి, ఎందుకు అలా చేస్తున్నారో చెబుతూ చేయండి. మూడోసారి వాళ్లు చెప్పాలి, మీరు చేయాలి. వాళ్లు ఒక మెట్టు మరిచిపోతే మీరూ ఆ మెట్టు వదిలేసి ముందుకెళ్లిపోండి, ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకుంటారు. దీనికంతా అరగంట చాలు.

అంకెలు ఇవే: రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించితే వేగంగా శ్వాసిస్తున్నట్టు. రెండు నెలలు నిండి ఏడాది లోపు 50, ఏడాది నిండి ఐదేళ్ల లోపు 40. కార్డు మీద ఉంటాయి కాబట్టి బట్టీ పట్టించి టెన్షన్ పెట్టొద్దు.

4. వాళ్ల చేత చేయించడం (ఇక్కడే అందరూ తప్పించుకుంటారు)

అసలు శిక్షణ ఇక్కడ మొదలవుతుంది, కానీ సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి టైమ్ అయిపోయిందంటారు. మూడు గంటలు మాట్లాడి, చివర పదిహేను నిమిషాల్లో ‘ఎవరైనా వచ్చి చేసి చూపిస్తారా’ అని అడిగితే ముందు వరుసలో కూర్చున్న చురుకైన అమ్మాయి లేచి చేసేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, వెనక వరుసలో ముగ్గురికి ఏమీ రాలేదన్న సంగతి అక్కడే సమాధి అయిపోతుంది. రోజులో సగానికి పైగా సమయం ఈ మెట్టుకే ఉంచండి. అందరూ చేయాలి, ట్రైనర్ కళ్ల ముందు చేయాలి.

ముందు వీడియోతో మొదలుపెట్టండి. పూర్తిగా 60 సెకన్లు నడవనివ్వండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించే అలవాటు చాలామందికి ఉంటుంది, దాన్ని మొదటి రౌండులోనే మాన్పించాలి. పిల్లల శ్వాస ఒకే తీరుగా నడవదు, కొంచెం ఆగుతుంది, కొంచెం పరుగెడుతుంది, పదిహేను సెకన్లలో ఒక్క శ్వాస తప్పినా నిమిషానికి నాలుగు తేడా వస్తుంది. 48 ఎక్కడ, 52 ఎక్కడ? పది నెలల బిడ్డ విషయంలో ఆ నాలుగే చికిత్స కావాలా వద్దా అన్నది తేల్చేస్తాయి. రెండు నెలల లోపు బిడ్డల్లో ఈ ఒడుదుడుకులు ఇంకా ఎక్కువ, అందుకే వాళ్లకు మొదటిసారి 60 గానీ అంతకు మించి గానీ వస్తే మళ్లీ ఒకసారి పూర్తి నిమిషం లెక్కపెట్టాల్సిందే.

ఎవరి అంకె వాళ్లు కాగితం మీద రాసుకోవాలి, పైకి చెప్పకూడదు. ఈ విషయంలో నేను చాలా మొండిగా ఉంటాను. ఒక్కరు ‘నలభై నాలుగు’ అని పైకి అన్నారంటే అందరి కాగితాల మీదా నలభై నాలుగే కనిపిస్తుంది. అందరూ రాశాక కాగితాలు తిప్పి చూపించమనండి. రెండు మూడు తేడా ఉంటే ఫర్వాలేదు. ఒకరికి 31, ఇంకొకరికి 62 వచ్చిందంటే సంబరపడండి, తప్పు ఎక్కడుందో దొరికినట్టే: ఒకరు ఛాతీ పైకి లేవడాన్ని ఒకటిగా, కిందికి దిగడాన్ని ఇంకొకటిగా లెక్కపెడుతున్నారు. లేచి దిగితే కలిపి ఒకటి. ఇది ఏ స్లయిడూ బయటపెట్టలేని తప్పు, కాగితం తిప్పితే బయటపడుతుంది.

తర్వాత నిజమైన పిల్లలు. తల్లిదండ్రుల్ని అడిగి, వాళ్లు సరేనంటేనే. బిడ్డ ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా లెక్క పనికిరాదు, నెమ్మదించేదాకా ఆగాల్సిందే. చొక్కా పైకెత్తి ఛాతీ, పొట్ట కనపడేట్టు చూసుకోవాలి. బట్టల మీద నుంచి లెక్కపెట్టేవాళ్లను నేను అక్కడికక్కడే ఆపేస్తాను.

ఇక న్యుమోనియాకు రెండో గుర్తు, డొక్కలు లోపలికి పోవడం. ఇది మాటల్లో చెబితే సగం మందికి తలకిందులుగా అర్థమవుతుంది. బిడ్డ ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు మామూలుగా ఛాతీ, పొట్ట బయటికి వస్తాయి. ఛాతీ కింది భాగం ఆ సమయంలోనే లోపలికి పోతుంటే, అది స్పష్టంగా, ప్రతి శ్వాసకీ కనిపిస్తుంటే, దాన్నే గుర్తించాలి. పక్కటెముకల మధ్య చర్మం మాత్రమే లోపలికి పోతే లెక్కలోకి రాదు. ఏడ్చినప్పుడో పాలు తాగేటప్పుడో మాత్రమే కనిపించినా రాదు. రెండు నెలల లోపు పిల్లలకు ఛాతీ ఎముకలు మెత్తగా ఉంటాయి కాబట్టి కొద్దిగా లోపలికి పోవడం మామూలే, బాగా లోతుగా పోతేనే ప్రమాదం. ప్రతి వీడియోకీ ‘ఉందా, లేదా’ అని మాత్రమే అడగండి, ‘కొంచెం ఉన్నట్టుంది’ అనే జవాబు ఒప్పుకోవద్దు.

తప్పు చేసినప్పుడు మీ నోరు అదుపులో పెట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. ఏళ్ల తరబడి ఆ ఊళ్లలో పనిచేస్తున్న మనిషిని పన్నెండు మంది ముందు ‘అలా కాదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి’ అన్నారంటే ఆమె ఆ రోజంతా ఇంక చెయ్యి ఎత్తదు. ముందు ఆమెనే అడగండి, ‘ఎలా చేశారో మీరే చెప్పండి’ అని. సగం తప్పులు చెప్పేటప్పుడు వాళ్లకే తడతాయి. మిగిలిన సగానికి ఒక్క తప్పే ఎంచుకుని సరిచేసి, వెంటనే మళ్లీ చేయించండి. ఐదు తప్పులు ఒకేసారి ఏకరువు పెడితే ఒక్కటీ గుర్తుండదు. గుర్తుంచుకోండి, చేతిలోంచి టైమర్ లాక్కుని మీరు చేసి చూపించడం దిద్దడం కాదు. చాలామంది డాక్టర్లకు ఈ జబ్బుంది.

రెండుసార్లు వరసగా సరిగ్గా చేసేదాకా ఎవరినీ ‘వచ్చేసింది’ అనొద్దు. ఒకసారి అదృష్టం కొద్దీ కూడా సరిపోతుంది.

ఆన్‌లైన్ కోర్సులు ఉండగా ఇంత అవస్థ ఎందుకని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఉచితంగా దొరికే మంచి కోర్సులున్నాయి, చదువుకోమని నేనూ చెబుతాను, అంకెలు, ప్రమాద లక్షణాలు, మందుల మోతాదులు ముందే చదివి వస్తే హాల్లో సమయం కలిసొస్తుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఈ కార్యకర్తల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పర్యవేక్షణలో చేసే ప్రాక్టీసుకీ ముఖాముఖి బోధనకీ ప్రాధాన్యం ఇచ్చి, ఆన్‌లైన్‌ను తోడుగా వాడుకోమన్నారు. దూరం నుంచి నడిచే వాటిలో నాకు నచ్చింది 2003లో న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో తరహా. మారుమూల పనిచేసేవాళ్లు తమ దగ్గరికొచ్చిన కేసును రోగి పేరు చెప్పకుండా వీడియో కాల్లో వినిపిస్తారు, నిపుణులూ తోటివాళ్లూ కలిసి చర్చిస్తారు. అలాంటి అవకాశం మీ ప్రాంతంలో ఉంటే వదులుకోవద్దు. వరసగా నొక్కుకుంటూ పోతే చివర్లో సర్టిఫికెట్ వచ్చే రకానిది మాత్రం తీరిక ఉంటేనే.

పదిమందికి నేర్పి, వాళ్లను ఇంకో పదిమందికి నేర్పమని, వాళ్లను మళ్లీ ఇంకో పదిమందికి నేర్పమని పంపే పద్ధతి మీద నాకు అసలు నమ్మకం లేదు. మూడో మెట్టుకొచ్చేసరికి ‘పూర్తి నిమిషం’ అన్నది ‘ఒక పావు నిమిషం’ అయి కూర్చుంటుంది.

5. రాత పరీక్ష వద్దు

మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి రాయించి మార్కులు పెరిగాయని నివేదికలో పెట్టడం బాగానే ఉంటుంది. అది చదవడం వచ్చినవాళ్లకు మార్కులిస్తుంది. దాని బదులు మెట్లన్నీ వరసగా ఉన్న ఒక చెక్‌లిస్ట్ పెట్టుకుని చేస్తుండగా టిక్ పెట్టండి: బిడ్డ నెమ్మదిగా ఉన్నాడా చూసిందా, చొక్కా ఎత్తిందా, నిమిషం నిండా లెక్కపెట్టిందా, వయసు అడిగి కార్డులో సరైన అంకెతో పోల్చిందా, తల్లికి ఏం చెప్పింది.

6. నెలలోపు వెళ్లి చూడటం

శిక్షణ అయిన నెలలోపు ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లండి. ముందు చెప్పే వెళ్లండి, ఆకస్మిక తనిఖీలా కాదు. అదే చెక్‌లిస్ట్ పట్టుకెళ్లి, దగ్గున్న బిడ్డను ఇద్దరూ ఒకేసారి, ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా లెక్కపెట్టండి. బాగా తేడా వస్తే అక్కడే, ఆ బిడ్డ దగ్గరే, ఇద్దరూ మళ్లీ లెక్కపెట్టాలి, ఆమెతో పాటు మీరు కూడా. టైమర్ ఆమె చేతిలోనే ఉండాలి. రిజిస్టర్లో ఆ రోజు తేదీ, రెండు అంకెలూ రాసి, తర్వాతి సందర్శన ఎప్పుడో అక్కడే ఖాయం చేసుకుని బయల్దేరండి.