529 ఖాతా పాఠాలు – 5: కాలేజీలో చదివే పిల్లల అద్దె, తిండి ఖర్చులు

గత పాఠం చివర్లో ఒక వాక్యం రాశాను: "కాలేజీ ప్రకటించే కాస్ట్ ఆఫ్ అటెండెన్స్ పట్టిక చూసుకుని డబ్బు తీయండి." 529 అంటే అమెరికాలో పిల్లల చదువు కోసం దాచుకునే ఖాతా, చదువు ఖర్చుకు తీస్తే లాభం మీద పన్ను ఉండదు. ఆ పట్టిక అంటే ఏడాది చదువుకు మొత్తం ఎంతవుతుందని కాలేజీ వేసే అంచనా. అందులో ఏ వరుస చూడాలో చెప్పలేదు. ఆ లోటు నాదే. చాలామంది పట్టిక అడుగున ఉన్న మొత్తాన్ని చూసి, అంత సొమ్మూ ఆగస్టులో ఒకేసారి తీసేశారు. అందుకని ఈసారి స్కాలర్‌షిప్పుల సంగతి వచ్చే పాఠానికి జరిపి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

ఒక తండ్రి పంపిన పట్టిక నా ముందుంది. అబ్బాయి మొదటి సంవత్సరంలో చేరాడు, కాలేజీ బయట అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాడు. ట్యూషన్, ఫీజులు 13,800 డాలర్లు. తిండి, వసతి 12,600. పుస్తకాలు 1,000. రాకపోకలు 1,800. సొంత ఖర్చులు 2,400. మొత్తం 31,600. ఆయన సరిగ్గా 31,600 తీసి తన బ్యాంకు ఖాతాలో వేసుకున్నారు.

ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఆ పట్టికను కాలేజీ తయారుచేసేది ఆర్థిక సహాయం లెక్క కట్టడానికి, 529 కోసం కాదు. రాకపోకలు, సొంత ఖర్చులు అనే రెండు వరుసలకు 529 చట్టంలో చోటు లేదు. విమానం టికెట్టు, కారు ఇన్సూరెన్సు, ఫోను బిల్లు, బట్టలు, జిమ్ము, మంచం, బల్ల ఇవేవీ చెల్లవు. కాబట్టి 4,200 మొదటి రోజు నుంచే పనికిరాని సొమ్ము. రెండో తప్పు ఇంకా పెద్దది. పట్టిక విద్యా సంవత్సరానిది, పన్ను లెక్క మాత్రం జనవరి నుంచి డిసెంబర్ వరకు. ఈ ఏడాది తీసిన డబ్బుకు ఈ ఏడాది చేసిన ఖర్చే జోడీ కావాలి. జనవరిలో కట్టబోయే అద్దెకు ఆగస్టులో తీసిన సొమ్ము జోడీ కాదు.

మరి డిసెంబర్ 31 లోపు ఆయన ఏమేం చూపించగలరు? మొదటి సెమిస్టర్ ట్యూషన్ 6,900, పుస్తకాలు 500, తిండి, వసతి 6,300. రెండో సెమిస్టర్ ట్యూషన్ బిల్లు డిసెంబర్‌లోనే వస్తే అప్పుడే కట్టేయవచ్చు, మరో 6,900. మొత్తం 20,600. అందులో 4,000 ట్యూషన్‌ను అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ కోసం, అంటే కాలేజీ ఖర్చుకు ఫెడరల్ పన్నులో ఇచ్చే తగ్గింపు కోసం, పక్కన పెట్టాలి. ఒకే ట్యూషన్ డాలరును రెండు చోట్లా చూపడం కుదరదు, ఆ 4,000 మీద వచ్చే 2,500 డాలర్ల క్రెడిట్ వదులుకోవడం తెలివి కాదు. ఆదాయ పరిమితి దాటినవారికి ఈ క్రెడిట్ రాదు, వారు ఈ మెట్టు వదిలేయండి. ఈయనకు వస్తుంది. కాబట్టి మిగిలింది 16,600. తీసింది 31,600. పదిహేను వేలు ఎక్కువ.

ఆయన డబ్బు తీసి అప్పటికి 19 రోజులే అయింది కాబట్టి దారి దొరికింది. తీసిన 60 రోజుల లోపు ఆ సొమ్మును అదే అబ్బాయి పేరున వేరే రాష్ట్రపు 529 పథకంలో వేయవచ్చు. ఇది 12 నెలల్లో ఒక్కసారే. లేదా కుటుంబంలో మరొకరి పేరున ఉన్న 529 ఖాతాకు మార్చవచ్చు. ఆయన 15,000 చిన్నమ్మాయి ఖాతాకు పంపారు. పంపేటప్పుడు పాత పథకం నుంచి అసలు ఎంత, లాభం ఎంత అనే కాగితం తీసుకుని కొత్త ఖాతావారికి ఇవ్వాలి. ఆ కాగితం లేకపోతే మొత్తాన్నీ లాభంగానే రాసుకుంటారు.

60 రోజులు దాటిపోయినవారి లెక్క ఇలా ఉంటుంది. ఖాతాలో 40 శాతం లాభం అనుకోండి. 15,000లో 6,000 లాభం. ఆ 6,000 ఆదాయంలో కలుస్తుంది, అసలు మీద పన్ను లేదు. పైగా 10 శాతం అదనపు పన్ను. అయితే క్రెడిట్ కోసం పక్కన పెట్టిన 4,000కు సంబంధించిన 1,600 లాభం మీద ఆ 10 శాతం పడదు, మామూలు పన్నే పడుతుంది. కాబట్టి అదనపు పన్ను 4,400 మీద 440. దీనికి ఫారం 5329. గతంలో రాష్ట్ర పన్నులో మినహాయింపు పొందినవారి నుంచి చాలా రాష్ట్రాలు దాన్ని వెనక్కి తీసుకుంటాయి. కాలిఫోర్నియాలో మినహాయింపే లేదు, అయినా 2.5 శాతం అదనంగా పడుతుంది.

ఇక అసలు పాఠం.

తిండి, వసతి ఖర్చు 529లో చెల్లాలంటే విద్యార్థి ఆ సెమిస్టర్‌లో కనీసం సగం భారంతో (హాఫ్ టైమ్), డిగ్రీ కోసం చదువుతూ ఉండాలి. 12 క్రెడిట్లు పూర్తి భారమయ్యే చోట అంటే 6 క్రెడిట్లు. ట్యూషన్‌కు ఈ షరతు లేదు, అద్దెకు ఉంది. ఆఖరి సెమిస్టర్‌లో ఒకే ఒక్క కోర్సు మిగిలి, 3 క్రెడిట్లతో ముగించే పిల్లలు చాలామంది ఉంటారు. ఆ సెమిస్టర్ అద్దె, తిండి సున్నా. ముందే తెలిస్తే ఆ కోర్సును అంతకు ముందు సెమిస్టర్‌లోకి జరుపుకోవచ్చు.

ఇప్పుడు నన్ను ఏళ్ల తరబడి బాధపెడుతున్న పొరపాటుకు వస్తాను. చదువుకున్నవారు, లెక్కలు బాగా వచ్చినవారు కూడా ఇక్కడే పడిపోతున్నారు. నియమంలో "ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది" అని ఉంటుంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని, అపార్ట్‌మెంట్ అద్దె ఎంతైతే అంతా చెల్లుతుందనుకుంటారు. రసీదు ఉంది కదా అంటారు. రసీదు ఉంటే సరిపోదు.

ఆ రెండు అంకెలు ఏవో నిదానంగా చూద్దాం. ఒకటి, తిండి, వసతికి కాలేజీ తన పట్టికలో చూపిన భత్యం, అంటే ఆ ఖర్చుకు వేసిన అంచనా. రెండోది, కాలేజీ సొంత వసతిలో, అంటే కాలేజీ యాజమాన్యంలోనో నిర్వహణలోనో ఉన్న వసతిలో ఉన్నందుకు కాలేజీ వేసిన బిల్లు. ఆ రెండో అంకె కాలేజీ డార్మ్‌లో ఉన్నవారికే ఉంటుంది. బయట ఉన్నవారికి ఆ గడి ఖాళీ. పోల్చడానికి రెండో అంకె లేనప్పుడు "ఏది ఎక్కువైతే అది" అన్న మాటకు అర్థం లేదు. భత్యమే హద్దు.

డార్మ్‌లో ఉన్న అమ్మాయికి గది 9,800, మీల్ ప్లాన్ 5,600, మొత్తం బిల్లు 15,400. పట్టికలో భత్యం 14,200. ఆమెకు 15,400 చెల్లుతుంది. బయట ఉన్న అబ్బాయి అద్దె నెలకు 1,350, తిండి 400. తొమ్మిది నెలలకు 15,750. భత్యం 12,600. అతనికి చెల్లేది 12,600. మిగిలిన 3,150కి ఎన్ని రసీదులున్నా చెల్లదు.

కాలేజీ గేటు ఎదురుగానే ప్రైవేటు కంపెనీల అపార్ట్‌మెంట్లు ఉంటాయి. గోడల మీద కాలేజీ రంగులు, లోపల ఉండేదంతా విద్యార్థులే, ఒక్కో గదికి విడి లీజు. చూడటానికి అచ్చం డార్మే. అయినా భవనం కాలేజీది కాకపోతే, కాలేజీ నడపకపోతే అది బయటి వసతి. అనుమానం ఉంటే లీజు మొదటి పేజీలో యజమాని పేరు చదవండి. అక్కడ కాలేజీ పేరు లేకపోతే కాలేజీ హౌసింగ్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ భవనాన్ని మీరు నడుపుతున్నారా అని ఒక్క ప్రశ్న అడగండి.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. నలుగురు కలిసి ఉంటే ఒకరి వాటా అద్దె 520, కరెంటు, నీళ్లు 50, సరుకులు 350. తొమ్మిది నెలలకు 8,280. భత్యం 12,600 ఉంది కదా అని 12,600 తీసేవారున్నారు. కాలేజీ ఇచ్చేది కుంచం మాత్రమే. అందులో పోయాల్సిన ధాన్యం మీ ఖర్చు. కుంచం పెద్దదైనంత మాత్రాన ధాన్యం పెరగదు. చెల్లేది 8,280. డార్మ్‌లో సహాయకుడిగా పనిచేస్తూ గది ఉచితంగా పొందే పిల్లలకు ఆ గది ఖర్చే కాదు. ఇంటి నుంచే కాలేజీకి వెళ్లే పిల్లలకు పట్టికలో తల్లిదండ్రులతో ఉండేవారి వరుస వేరే ఉంటుంది, అంకె బాగా తక్కువ. వారి తిండికి ఆ హద్దు. మీ సొంత ఇంటి వాయిదాను పిల్లల అద్దెగా రాసుకోకండి.

పన్నెండు నెలల లీజు సంగతి. బయటి అపార్ట్‌మెంట్లు ఎక్కువగా ఆగస్టు నుంచి జూలై వరకు లీజు రాయించుకుంటాయి. పిల్లవాడు వేసవిలో క్లాసులు తీసుకోకుండా హైదరాబాద్‌లో అమ్మమ్మ దగ్గరుంటే, జూన్, జూలై అద్దె మీరు కట్టినా అది 529 ఖర్చు కాదు. భత్యం చదువు జరిగే కాలానికే. వేసవిలో సగం భారంతో చదివితే మాత్రం ఆ కాలానికి కాలేజీ చూపిన భత్యం అదనంగా కలుస్తుంది.

సరుకుల దగ్గర ఒక రసీదు చూపిస్తాను. ఇండియన్ స్టోర్‌లో ఒక విద్యార్థి కొన్నవి: 20 పౌండ్ల సోనా మసూరి బస్తా, కందిపప్పు, చింతపండు, పెరుగు డబ్బా, గోంగూర పచ్చడి, కుక్కర్ గాస్కెట్, అగరొత్తులు, బట్టల సబ్బు. మొదటి ఐదూ తిండి. చివరి మూడూ కావు. నేను ఆ మూడింటినీ పెన్నుతో కొట్టేసి, మిగిలిన మొత్తాన్ని రసీదు మీదే రాసి, ఫోనుతో ఫొటో తీసి దాస్తాను. కాగితం రసీదు వేడికి చెరిగిపోతుంది, ఫొటో చెరగదు. భత్యం అద్దెతోనే నిండిపోయే నగరాల్లో ఇంత శ్రమ అక్కర్లేదు. అద్దె కాగితాలు చాలు. ఇంటర్నెట్ బిల్లును మాత్రం వసతిలో కలపకండి. దానికి, కంప్యూటర్‌కు చట్టంలో విడిగా చోటుంది, ఈ హద్దు వాటిని తాకదు.

నేను పాటించే పద్ధతి చెబుతాను. పిల్లవాడి పేరున ఒక చెకింగ్ ఖాతా తెరిచి, అద్దె, కరెంటు, సరుకులు అందులోంచే కట్టిస్తాను. మరే ఖర్చూ ఆ కార్డు మీద పడనివ్వను. 529 నుంచి డబ్బు ముందుగా తీయను. సెమిస్టర్ గడిచి, ఖర్చు తేలాక, డిసెంబర్ మొదటి వారంలో తీస్తాను. నెలాఖరు దాకా ఆగితే సొమ్ము జనవరిలో పడి ఏడాది మారిపోయే ప్రమాదం ఉంది. చేతిలో అంత డబ్బు ఉండనివారు నెలనెలా తీసుకోండి, అదీ మంచిదే. ఆగస్టులో ఒకేసారి తీయడం మాత్రం మానండి.

డబ్బును విద్యార్థి ఖాతాకే పంపమని పథకానికి చెబుతాను. అప్పుడు 529 నుంచి తీసిన సొమ్మును చూపే 1099-క్యూ ఫారం విద్యార్థి పేరున వస్తుంది. పొరపాటున కొంత లాభం మీద పన్ను పడినా అది వారి లెక్కలోకి వెళ్తుంది. అది ఒక పరిమితి దాటితే చదువుకునే పిల్లలకూ తల్లిదండ్రుల రేటే పడుతుంది, కాబట్టి దీన్ని కవచం అనుకోకండి. మీ ఖాతాకు వస్తే ఫారం మీ పేరున, పన్ను మీ రేటున. ఆ ఫారంలో మొదటి గడిలో తీసిన మొత్తం, రెండో గడిలో లాభం, మూడో గడిలో అసలు ఉంటాయి. దేనికి ఖర్చు పెట్టారో పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఆ ఫారం చెప్పదు. అడిగినప్పుడు చెప్పాల్సింది మీరే. రసీదులు రిటర్నుతో పంపనక్కర్లేదు, ఇంట్లో ఉంచుకోవాలి.

ఇంకొక్క అలవాటు. ప్రతి ఆగస్టులో కాలేజీ పట్టిక పేజీని పీడీఎఫ్‌గా దాచండి. మరుసటి ఏడాది అదే పేజీలో కొత్త అంకెలు వస్తాయి, పాతవి దొరకవు. ఒక పన్ను సంవత్సరానికి మీకు రెండు పట్టికలు కావాలి. జనవరి–మే నెలలకు పాత విద్యా సంవత్సరపు పట్టిక, ఆగస్టు–డిసెంబర్‌కు కొత్తది. పాత పట్టికల్లో ఈ వరుస పేరు రూమ్ అండ్ బోర్డ్ అని ఉంటుంది, కొత్త పట్టికల్లో ఫుడ్ అండ్ హౌసింగ్. రెండూ ఒకటే.

అభ్యాసం

ఈసారి లెక్క కష్టంగా ఇస్తున్నాను, కాగితం మీదే చేయండి. ఒక అమ్మాయి జనవరి నుంచి మే వరకు కాలేజీ డార్మ్‌లో ఉంది. ఆ సెమిస్టర్‌కు గది బిల్లు 5,200, మీల్ ప్లాన్ 2,900, డార్మ్‌వారి భత్యం 7,600. జూన్ 1న బయట అపార్ట్‌మెంట్ లీజు మొదలైంది, అద్దె నెలకు 780. జూన్, జూలై నెలల్లో క్లాసులు లేవు, ఇంటికి వచ్చేసింది. కొత్త సెమిస్టర్ ఆగస్టు 18న మొదలై డిసెంబర్ 12న ముగిసింది, ఆమె 12 క్రెడిట్లు తీసుకుంది. కరెంటు నెలకు 45, సరుకులు 330. బయట ఉండేవారికి సెమిస్టర్ భత్యం 5,400. జనవరి అద్దె 780ను డిసెంబర్ 28నే కట్టేసింది. ఆ పన్ను సంవత్సరంలో తిండి, వసతికి 529 నుంచి ఎంత తీయవచ్చు? ఆగస్టును పూర్తి నెలగా తీసుకుని ఒకసారి, సగం నెలగా తీసుకుని ఒకసారి చేయండి. ఏ లెక్కలో భత్యం అడ్డుపడిందో, ఏ లెక్కలో పడలేదో పక్కన రాయండి. ముందే కట్టిన జనవరి అద్దెను ఎక్కడ పెట్టారో, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి.

అది అయ్యాక మీ ఇంటి లెక్క. కాలేజీ పట్టికలు రెండు, పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, లీజు ముందు పెట్టుకుని, ఒక్కో సెమిస్టర్‌కు విడి కాగితం మీద ఖర్చు ఎడమవైపు, భత్యం కుడివైపు రాయండి. డిసెంబర్ మొదటి వారానికి ఆ కాగితాలు సిద్ధంగా ఉండాలి. స్కాలర్‌షిప్పుల పాఠంలో మొదటి లెక్క వాటి మీదే చేయిస్తాను.