ఓడ ఎక్కబోయే సీమ కుటుంబాలకు: కెప్టెన్ బాధ్యత, మన జాగ్రత్త

దసరా సెలవులు దగ్గరపడితే కర్నూలు, అనంతపురం, కడప నుంచి అండమాన్ టూర్లకు బయల్దేరే కుటుంబాలు చాలానే ఉంటాయి. కొందరు చెన్నై దాకా రైల్లో పోయి విమానం పట్టుకుని, అక్కడ శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) నుంచి స్వరాజ్ ద్వీప్‌కు ఫెర్రీలో పోతారు. కొందరు చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడలోనే రెండున్నర, మూడు రోజులు ప్రయాణం చేస్తారు. కార్తీకం వస్తే పాపికొండల బోట్లు ఉండనే ఉన్నాయి. ఇక్కడే శ్రీశైలం బ్యాక్‌వాటర్లో సంగమేశ్వరం, సిద్ధేశ్వరం వైపు మరబోట్లు తిరుగుతాయి. మనలో ఎక్కువమందికి ఈత రాదు, సముద్రం అలవాటు లేదు. నీళ్ల మీద మన ప్రాణం పూర్తిగా ఇంకొకరి చేతిలో పెడుతున్నాం. ఆ మనిషి ఆపదలో మనల్ని చూసుకుంటాడా లేదా అన్నది చాలావరకు ఓడ కదలకముందే తెలిసిపోతుంది. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఓడలో ఉన్న ప్రాణాలన్నిటికీ పూచీ కెప్టెన్‌దే. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో పలు దేశాలు కూర్చుని సముద్రంలో ప్రాణాల రక్షణ కోసం సోలాస్ అనే ఒప్పందం రాసుకున్నాయి. మార్పులు చేర్పులతో అది ఇప్పటికీ నడుస్తోంది. అందులో ప్రయాణికులు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ప్రాణాలు కాపాడటానికి అవసరమని కెప్టెన్ ఏ నిర్ణయం తీసుకున్నా ఓడ యజమాని కూడా అడ్డుపడకూడదు. గాలి బాగాలేదు, బయల్దేరను అంటే అంతే. యజమానికే లేని హక్కు టికెట్ కొన్నంత మాత్రాన మనకెక్కడిది?

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కెప్టెన్ మీద ఎక్కువ ఒత్తిడి తెచ్చేది చాలాసార్లు ప్రయాణికులే. సిద్ధేశ్వరం రేవులో ఒక మధ్యాహ్నం చూశాను. గాలి తిరిగి నీళ్ల మీద తెల్లటి నురగ లేచింది. సరంగు తాడు విప్పనన్నాడు. "అన్నా, అవతల పెండ్లి ఉంది, ముహూర్తం దాటిపోతాది" అని ఒకామె బతిమాలింది. ఇంకొకాయన డబ్బులు ఎక్కువిస్తామన్నాడు. "గాలి తగ్గనీక్కా, నేనే తీస్కపోతా" అని చెప్పి ఆయన ఇంజన్ దగ్గరికి కూడా పోలేదు. గాలి తగ్గాక సగం మందిని దాటించి, మళ్లీ వచ్చి మిగతావాళ్లను తీసుకుపోయాడు. వందల కోట్ల ఓడ కెప్టెన్ చేయాల్సిన పని కూడా ఇదే. అలాంటి మనిషి కనబడితే నలుగురిలో గొంతెత్తి ఆయన పక్కన నిలబడండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి, టీవీలో వింటూనే ఉంటాం. ఆ నెలల్లో అండమాన్ పోతే తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. ఫెర్రీ రద్దయితే విమానం పోతుందన్న టెన్షన్ లేకపోతే జెట్టీ దగ్గర గొడవ చేయాల్సిన అవసరం రాదు. టూర్ ఆపరేటర్ ఇచ్చిన షెడ్యూల్లో ఆ ఖాళీ లేకుంటే ముందే అడిగి పెట్టించుకోండి.

ఎక్కేటప్పుడు మొదట చూడాల్సింది తలలు లెక్కపెడుతున్నారా లేదా అన్నది. ఎంతమంది ఎక్కారో తెలియని కెప్టెన్ ఎంతమందిని కాపాడాలో ఎలా తెలుసుకుంటాడు? చిన్న బోటైతే ఎంతమందికి అనుమతి ఉందో రాసిన బోర్డు వెతకండి. 2017 నవంబర్ 12న, కార్తీక ఆదివారం, విజయవాడ దగ్గర ఫెర్రీ ఘాట్‌లో అనుమతి లేని బోటు బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద మీద ఉన్నప్పుడు పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు. మన కృష్ణలోనూ 2007 జనవరిలో మరబోటు మునిగి 60 మంది దాకా చనిపోయారు. బోటు నిండుగా ఉంటే దిగిపోండి. డబ్బులు తిరిగి ఇవ్వకపోయినా దిగిపోండి.

లైఫ్ జాకెట్‌ను చేత్తో పట్టుకుని చూడండి. బకిల్ టక్కుమని పడాలి, పట్టీ గట్టిగా లాగితే జారకూడదు. భుజం దగ్గర కుట్లు ఊడి లోపలి ఫోమ్ బయటికి కనిపిస్తుంటే వేరేది అడగండి. విజిల్ ఉందో లేదో చూడండి, చీకట్లో మనల్ని కనిపెట్టేది దాని శబ్దం వల్లే. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్లలకు వేయకండి. నీళ్లలో పడగానే జాకెట్ పైకి లేస్తుంది, పిల్లవాడు అందులోంచి కిందికి జారిపోతాడు. సోలాస్ ప్రకారం ప్రయాణికుల సంఖ్యలో కనీసం 10 శాతం పిల్లల జాకెట్లు విడిగా ఉండాలి, కాబట్టి మొహమాటపడకుండా అడగండి. చిన్న బోట్లలో జాకెట్లన్నీ తాడుతో మూటగట్టి సీటు కింద తోసేసి ఉంటే, వాటితో పనిపడుతుందని ఆ సరంగు ఎప్పుడూ అనుకోలేదన్నమాట. ఆడవాళ్లు ఓడలో ఉన్నంతసేపు చుడీదార్ వేసుకోవడం మేలు. చీరే కట్టుకుంటే కొంగు నడుము చుట్టూ బిగించి దోపుకోండి, నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లకూ కష్టమే.

పెద్ద ఓడలో అయితే డ్రిల్ ఉంటుంది. జాకెట్ ఎలా వేసుకోవాలి, ఆపదలో ఎక్కడ గుమిగూడాలి అని చూపిస్తారు. గుమిగూడే ఆ చోటును మస్టర్ స్టేషన్ అంటారు. మనవాళ్లు ఆ సమయంలో బఫే దగ్గరో సెల్ఫీల దగ్గరో ఉంటారు. దయచేసి అలా చేయకండి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాయిని కొట్టుకుంది. ఆ రోజే ఎక్కిన వందల మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. కరెంటు సమస్య అని ప్రయాణికులకు చెప్పుకుంటూ వచ్చి, ఓడ వదలమనే ఆజ్ఞ గంటకు పైగా ఆలస్యంగా ఇచ్చారు. అందరూ దిగకముందే కెప్టెన్ స్కెటీనో ఒడ్డు చేరాడు. తీర రక్షక దళం అధికారి ఫోన్లో తిరిగి ఓడ ఎక్కమని గద్దించాడు. 32 మంది చనిపోయారు. కెప్టెన్‌కు 16 ఏళ్ల జైలు పడింది. ఆ తర్వాతే ఓడ కదలకముందు లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరిగి తీరాలని నిబంధన మార్చారు, 2015 నుంచి అమల్లో ఉంది. మీ ఓడలో డ్రిల్ పెట్టకపోతే సిబ్బందిని నిలదీయండి.

డ్రిల్ అయ్యాక ఇంటిల్లిపాదీ కలిసి క్యాబిన్ నుంచి మస్టర్ స్టేషన్ దాకా మెట్ల మీదుగా ఒకసారి నడవండి. దారిలో తలుపులు లెక్కపెట్టుకోండి. పొగలోనో చీకట్లోనో చేత్తో తడుముకుంటూ పోవాల్సి వస్తే ఆ లెక్కే దారి చూపిస్తుంది. బీపీ, షుగర్ మాత్రలు, ఆధార్, కొంచెం డబ్బు నీళ్లు పోని కవర్‌లో వేసి, మంచం పక్కనే పెట్టుకోండి.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడవాటి కూత. ఓడలో ఈ సైరన్ వినపడితే ఏ పనిలో ఉన్నా మస్టర్ స్టేషన్‌కు పోవాలి. సామాను కోసం వెనక్కి పోవద్దు, లిఫ్ట్ ఎక్కొద్దు. ఇంట్లోవాళ్లు వేరేచోట ఉంటే వెతుక్కుంటూ తిరగకుండా అందరూ నేరుగా అక్కడికే రావాలని ముందే మాట అనుకోండి. చిన్న బోటులో అయితే అందరూ ఒక పక్కకు ఉరకడం, పై అంతస్తులో లేచి నిలబడటం అన్నిటికంటే ప్రమాదం. బరువు ఒక్కసారి ఒరిగితే అంతదాకా బాగున్న బోటు కూడా తిరగబడుతుంది.

మరి కెప్టెన్ "ఉన్నచోటే ఉండండి" అంటే? ఇక్కడ నేను జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే మామూలుగా కెప్టెన్ మాట వినడమే మంచిది. కానీ 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ ఫెర్రీ ఒరిగిపోతుంటే, కదలొద్దని మైకులో చెబుతూనే ఉన్నారు. విహారయాత్రకు బయల్దేరిన హైస్కూల్ పిల్లలు చెప్పినట్టే క్యాబిన్లలో కూర్చున్నారు. కెప్టెన్ మాత్రం మొదట్లోనే బయటపడ్డాడు. 476 మందిలో 304 మంది పోయారు, అందులో 250 మంది ఆ బడి పిల్లలే. కెప్టెన్‌కు యావజ్జీవ శిక్ష పడింది, పిల్లలు మాత్రం రారు. కాబట్టి నా సలహా ఇది: నేల ఒరుగుతున్నా, లోపలికి నీళ్లో పొగో వస్తున్నా, జాకెట్ వేసుకుని లోపలి గది వదిలి మస్టర్ స్టేషన్‌కు లేదా ఆకాశం కనిపించే డెక్ మీదికి రండి. అక్కడ సిబ్బంది చెప్పినట్టు వినండి. సిబ్బంది చెప్పేదాకా నీళ్లలోకి దూకకండి.

కెప్టెనే కనిపించకపోతే ధైర్యం పోగొట్టుకోవద్దు. 1991లో దక్షిణాఫ్రికా తీరంలో ఓషియానోస్ అనే ఓడ మునుగుతుంటే కెప్టెన్ ముందే వెళ్లిపోయాడు. ఓడలో పాటలు పాడటానికి వచ్చిన గిటార్ కళాకారుడు మాస్ హిల్స్, ఆయన తోటి కళాకారులు రేడియోలో సాయం అడిగి, జనాన్ని హెలికాప్టర్లు ఎక్కించారు. 571 మందీ బతికారు. నిదానంగా పని చేస్తున్న మనిషి ఎవరో చూసి వాళ్లకు సాయంగా నిలబడండి. పిల్లలను, ముసలివాళ్లను, నడవలేనివాళ్లను ముందు పంపించండి.

సముద్రంలో ఫోన్ సిగ్నల్ అందితే ఇండియన్ కోస్ట్ గార్డ్ నంబర్ 1554, నది మీదైతే 112. రెండూ ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి. ఒడ్డు చేరాక దొరికిన ఆటో ఎక్కి హోటల్‌కు పోవద్దు. పేర్లు రాసుకునే వాళ్ల దగ్గర మీ పేరు, మీ ఇంట్లో అందరి పేర్లు టిక్ పెట్టించుకోండి. లేకపోతే మీరు ఇంకా నీళ్లలోనే ఉన్నారనుకుని, గజ ఈతగాళ్లు వేరేవాళ్లకు దక్కాల్సిన సమయం మీ కోసం వెతకడానికి పెడతారు.