జార్జ్ హారిసన్‌ని కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి

జార్జ్ హారిసన్ బీటిల్స్ అనే ఇంగ్లీషు బ్యాండ్‌లో గిటారిస్టు. ఆ బీటిల్స్ ఆల్బమ్‌లన్నీ వరసగా విన్నాకే జార్జ్ దగ్గరికి రావాలని ఎవరైనా సలహా ఇస్తే పట్టించుకోకండి. ఆ దారిలో వెళ్తే బ్యాండ్‌లో ఎక్కువ పాటలు రాసిన లెనన్, మెకార్ట్నీ పాటల మధ్య జార్జ్‌వి ఆల్బమ్‌కి ఒకటో రెండో తగులుతాయి, ఆ ఇద్దరి హోరులో ఈయన గొంతు చెవికెక్కదు. తెలుగువాళ్లకి ఇంతకంటే దగ్గరి దారి ఉంది. 'మై స్వీట్ లార్డ్' పెట్టండి. బీటిల్స్ విడిపోయిన 1970లోనే, ఏకంగా మూడు రికార్డులతో వచ్చిన 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్'లో ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఎందుకో చెప్తాను.

ఈ పాటలో వెనకాల కోరస్ మొదట హల్లెలూయా అంటుంది, అంటూ అంటూనే హరే కృష్ణలోకి జారిపోతుంది. ఇయర్‌ఫోన్స్ లేకపోతే ఎక్కడ మారిందో తెలీదు. చివరివైపు ఇంకా లోపల ఇంకోటి ఉంది. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా మావయ్య మద్రాసు నుంచి తెచ్చిన క్యాసెట్‌లో ఈ పాట వింటుంటే, మా అమ్మ పోపు గరిటె చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, "అదేంట్రా, ఇంగ్లీషు పాటలో గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః అంటున్నాడు?" అంది. నేనప్పటికి ఆ పాట కనీసం యాభైసార్లు విని ఉంటాను, ఒక్కసారీ పట్టుకోలేదు. రివైండ్ చేసి ఇద్దరం టేప్ రికార్డర్ ముందు కూర్చుని విన్నాం, తస్మై శ్రీ గురవే నమః దాకా పూర్తిగా ఉంది. మనం బడిలో చేతులు కట్టుకుని చదివిన శ్లోకమే. ఆ కోరస్ గుంపులోని గొంతులన్నీ జార్జ్‌వే. తన గొంతునే మళ్లీ మళ్లీ రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆల్బమ్ మీద దానికి 'జార్జ్ ఓహారా-స్మిత్ సింగర్స్' అని పేరు పెట్టుకున్నాడు.

రెండోసారి విన్నప్పుడు మాటలు వదిలేసి గిటార్ ఒక్కటే వినండి. అసలు జార్జ్‌ని వినడమంటే ఇదే. అకూస్టిక్ గిటార్లు మొదలైన కాసేపటికి పైనుంచి ఒక తీగ ఏడ్చినట్టు, పాడినట్టు జారుతూ వస్తుంది. అది స్లైడ్ గిటార్. మెట్ల మీద వేలు నొక్కకుండా, వేలికి గాజుదో లోహందో ఒక గొట్టం తొడుక్కుని తీగ మీద జారిస్తారు. మన గోటువాద్యం విన్నవాళ్లకి కొత్తేమీ కాదు. నొక్కడానికి మెట్టు ఆసరా లేదు కాబట్టి గొట్టం వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా అపస్వరం పలుకుతుంది. జార్జ్ 1966లో బొంబాయి వచ్చి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నాడు, తర్వాత రెండేళ్లకి సితార్ పక్కన పెట్టేశాడు. 1969 చివర్లో స్లైడ్ పట్టుకున్నాడు. సితార్ వదిలాడు గానీ స్వరం నుంచి స్వరానికి జారే ఆ నడక వేళ్లలో ఉండిపోయిందని నా గట్టి నమ్మకం. గమకాలు వింటూ పెరిగిన చెవికి అది చెప్పకుండానే అందుతుంది.

ఇక నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. సోలో, అంటే మాటలు ఆగి గిటార్ ఒక్కటే ముందుకొచ్చే ముక్క, అయిపోగానే పాట ఆపి, దాన్ని నోటితో పాడండి. కూనిరాగంలా తీస్తే చాలు. వేగంగా వాయించే గిటారిస్టుల సోలోలు చాలావరకు నోటికి రావు, జార్జ్‌వి దాదాపు అన్నీ వస్తాయి, ఎందుకంటే వాటిలో అనవసరమైన స్వరం ఉండదు. 1969లో వచ్చిన 'సమ్‌థింగ్' పాటతో ఇది చేసి చూడండి. మధ్యలో వచ్చే సోలో పాటలో ఇంకో చరణం లాంటిది, మాటలు లేవంతే. మూడు నాలుగు సార్లకి నోటికి వచ్చేస్తుంది, వచ్చాక మళ్లీ పాట వింటే ఏ స్వరం దగ్గర ఆగాడో, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో తెలుస్తుంది. గిటార్ నేర్చుకుంటున్న పిల్లలు ముందు పాడి, తర్వాతే తీగ ముట్టుకుంటే మంచిది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్' జార్జ్ రాసిన పాట, పాడిందీ ఆయనే, కానీ అందులో ఏడ్చే ఆ గిటార్ ఎరిక్ క్లాప్టన్‌ది. బ్యాండ్‌లో గిటారిస్టుగా తానే ఉండి, తన పాటలో సోలోకి స్నేహితుణ్ణి పిలిచాడు. పాట ముఖ్యం అనుకునే మనిషి చేసే పని అది, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

'హియర్ కమ్స్ ద సన్' అందరూ వినే ఉంటారు. 1969 వసంతంలో ఆఫీసు మీటింగ్ ఎగ్గొట్టి, క్లాప్టన్ ఇంటి తోటలో కూర్చుని కట్టిన పాట. దీన్ని చేత్తో తాళం వేస్తూ వినండి. మామూలుగా నాలుగేసి మాత్రలతో నడుస్తుంది, సూర్యుణ్ణి పదేపదే పిలిచే మధ్య భాగానికి వచ్చేసరికి మీ చెయ్యి తప్పుతుంది. అక్కడ మూడేసి మాత్రల గుత్తులు పడతాయి. కచేరీలో మృదంగం తీర్మానం వేసినప్పుడు ఎలా లెక్కపెడతామో అలా లెక్కపెట్టండి, దారి దొరుకుతుంది.

ఆ తర్వాత 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' మొత్తం వినండి, కాకపోతే మూడో రికార్డు ఇప్పుడే వద్దు, అది స్నేహితులంతా కలిసి తోచినట్టు వాయించుకున్నది. రికార్డు నిర్మాత ఫిల్ స్పెక్టర్‌తో కలిసి చేసిన ఆల్బమ్ కాబట్టి పెద్ద గుళ్లో వాయించినట్టు మోత ఉంటుంది, ఆ మోత తగ్గిస్తే బాగుండునని జార్జే తర్వాత అన్నాడు. 2021లో కొత్తగా మిక్స్ చేసినది వచ్చింది, గొంతు ముందుకొచ్చి స్పష్టంగా వినిపిస్తుంది. కొత్తవాళ్లకి అదే తేలిక. నాకు మాత్రం పాతదే కావాలి, అలవాటు.

'మై స్వీట్ లార్డ్' మీద కేసు సంగతి ఎవరో ఒకరు మీ దగ్గర ఎత్తుతారు. నిజమే, షిఫాన్స్ అనే అమెరికన్ అమ్మాయిల బృందం పాడిన 'హీజ్ సో ఫైన్' బాణీని తెలియకుండానే వాడుకున్నాడని 1976లో అమెరికా కోర్టు తేల్చింది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, పోలిక తెలుస్తుంది, దాచాల్సిన పనేమీ లేదు. ఆ బాణీ పట్టుకుని ఈయన ఎక్కడికి వెళ్లాడో కూడా తెలుస్తుంది.

బంగ్లాదేశ్ శరణార్థుల కోసం 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చేసిన కచేరీ రికార్డు వినేటప్పుడు రవిశంకర్ భాగం దాటేయకండి. శ్రుతి చేసుకోవడం అయిపోగానే జనం చప్పట్లు కొడతారు, శ్రుతే ఇంత నచ్చితే వాయిద్యం ఇంకా నచ్చుతుందని ఆశిస్తానంటాడాయన. ఆయనే అడిగాడని జార్జ్ పూనుకుని చేసిన కచేరీ అది. ఆ ఇద్దరూ పాతికేళ్ల తర్వాత మద్రాసులో కూర్చుని మంత్రాల ఆల్బమ్ కూడా రికార్డు చేశారు.

జార్జ్ చివరి ఆల్బమ్ 'బ్రెయిన్‌వాష్డ్' ఆఖరికి ఉంచుకోండి. 2001 నవంబర్ 29న, యాభై ఎనిమిదేళ్ల వయసులో క్యాన్సర్‌తో పోయాడు. మిగిలిన పనిని కొడుకు ధనీ, స్నేహితుడు జెఫ్ లిన్ పూర్తిచేసి మరుసటి ఏడాది తెచ్చారు. అందులో 'మార్వా బ్లూస్' అని మాటల్లేని ముక్క ఉంది. మార్వా హిందుస్తానీ రాగం పేరే, అయినా పేరు చూసి రాగం వెతక్కండి, రాత్రి పడుకునే ముందు లైటు తీసేసి స్లైడ్ వెంట వెళ్లండి. ఆల్బమ్ ముగిసే చోట గిటార్లు ఆగిపోయి, తండ్రీకొడుకులు కలిసి నమః పార్వతీపతయే అని జపిస్తారు. నేను ప్రతి నవంబర్ 29న ఈ ఆల్బమ్ పెడతాను. కిందటేడు హాల్లో కాస్త గట్టిగానే పెట్టాను, అమ్మకి ఇప్పుడు చెవులు సరిగా వినపడవు, అయినా ఆ చివరికి వచ్చేసరికి లోపలి గదిలోంచి "హర హర మహాదేవ" అంది.