ట్రస్టు పెద్ద పదవి ఖాళీ అయితే ఎలా భర్తీ చేయాలి?

ఊరి గ్రంథాలయమో, హాస్టలో నడిపే ట్రస్టులో మేనేజింగ్ ట్రస్టీ కన్నుమూస్తే వారం తిరక్కుండానే "ఇక ఎవరు?" అన్న మాట వస్తుంది. పేర్ల జోలికి వెళ్లకముందు ట్రస్ట్ డీడ్ (ట్రస్టు పెట్టినప్పుడు దాని నియమాలు రాసుకున్న పత్రం) తీయండి. అసలు ప్రతి దొరక్కపోతే, రిజిస్టరైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

1. కొత్త ట్రస్టీని నియమించే అధికారం ఎవరిదో, కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంతో డీడ్‌లో చూడండి. వ్యవస్థాపకుల కుటుంబానికే ఆ హక్కు రాసి ఉంటే, ఊరంతా చేతులెత్తి మరొకరిని ఎన్నుకున్నా చిక్కే. డీడ్‌లో ఏమీ లేకపోతే, ఇండియన్ ట్రస్ట్స్ చట్టం-1882లోని 73వ సెక్షన్ ప్రకారం ట్రస్టు పెట్టినవారు ఉంటే వారు, లేదా మిగిలిన ట్రస్టీలు రాతపూర్వకంగా నియమించవచ్చు. ఇది కుటుంబం లాంటి కొందరి కోసమే పెట్టే ప్రైవేటు ట్రస్టుల చట్టమే అయినా, జనం కోసం నడిపే ప్రజా ట్రస్టుల విషయంలోనూ కోర్టులు ఈ సూత్రాలను చూస్తుంటాయి. వరుసగా ఆరు నెలలు దేశంలో లేని ట్రస్టీ స్థానంలో కూడా కొత్తవారిని వేయవచ్చని ఇదే సెక్షన్ చెబుతోంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి అక్కడే ఉండిపోయిన ట్రస్టీలున్న చోట ఇది ముఖ్యం. దేవాదాయ శాఖ పరిధిలోని సంస్థలకు మాత్రం ఆ శాఖ నిబంధనలే.

2. ట్రస్టీలందరికీ నోటీసు పంపండి. ఎజెండాలో ఈ విషయం స్పష్టంగా ఉండాలి, "ఇతర అంశాలు" కింద దూర్చొద్దు.

3. పెద్ద చందా ఇచ్చారని పదవి ఇవ్వకండి. లెక్కలు చూసే ఓపిక, పిలిస్తే వచ్చే వీలు ఉన్నవారే కావాలి. ఇన్నాళ్లూ పని చేస్తున్న ఆడవాళ్ల పేర్లు ఎవరూ ఎత్తరు, మీరు ఎత్తండి. ఎంపికైనవారి నుంచి అంగీకార పత్రం తీసుకోండి.

4. ఖాళీలు నిజానికి రెండు: ట్రస్టీ స్థానం, మేనేజింగ్ ట్రస్టీ బాధ్యత. మినిట్స్ బుక్‌లో రెండు తీర్మానాలు విడివిడిగా రాయండి: "ఫలానా తేదీన శ్రీ ... గారు మరణించినందున, డీడ్ ... క్లాజు ప్రకారం శ్రీమతి ... గారిని ట్రస్టీగా నియమించడమైనది." హాజరైనవారంతా సంతకాలు చేయాలి. గొడవ ముదిరితే, ప్రజా ట్రస్టు విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, ట్రస్టుతో సంబంధమున్న కనీసం ఇద్దరు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు.

5. మరణ ధ్రువపత్రం, తీర్మానం కాపీ, కేవైసీ పత్రాలతో వెంటనే బ్యాంకుకు వెళ్లి చెక్ పవర్ మార్పించండి. పోయినవారు ముందే సంతకం చేసి ఉంచిన చెక్కులు ఉంటే, జీతాలు ఆగుతున్నాయన్న టెన్షన్‌లో కూడా వాడొద్దు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మొబైల్ నంబరు కూడా మార్చండి, లేకపోతే ఓటీపీలు పాత ఫోన్‌కే వెళ్తుంటాయి.